1 లీటరు రైస్ కుక్కర్‌తో జర్మనీలో 84 రోజులు: నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, కుక్కర్‌గా దీనికి 5కి 4 ఇస్తాను. జర్మనీకి ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్నాను, పెట్టెలో పెట్టుకెళ్లనా అని అడిగితే మాత్రం 5కి 3. ఒకే వస్తువుకి రెండు మార్కులేంటి అంటే, ఆ తేడా చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను. టైం లేనివాళ్లు ఇక్కడే ఆగి వెళ్లి కొనుక్కోండి, డబ్బులేం దండగ కావు.

మాది నెల్లూరు. చెన్నైలో బీటెక్, మెటీరియల్స్ బ్రాంచి, ఇప్పుడు నాలుగో సంవత్సరం. మూడో సంవత్సరం వేసవిలో డాడ్ వాళ్ల వైజ్ స్కాలర్‌షిప్ మీద జర్మనీలో కార్ల్స్‌రూహె అనే ఊరికి వెళ్లాను, అక్కడి యూనివర్సిటీలో సోడియం అయాన్ బ్యాటరీల మీద పనిచేసే ల్యాబ్‌కి. (స్కాలర్‌షిప్పులిచ్చే జర్మన్ సంస్థని డాడ్ అంటారు. 'డాడ్ డబ్బులిస్తోంది' అని నేను ఫోన్‌లో అంటే మా తమ్ముడు చాలాసేపు నాన్న గురించే అనుకున్నాడు.) మే మధ్యలో వెళ్లి ఆగస్టు మొదట్లో వచ్చేశాను, లెక్కేస్తే 84 రోజులు. 90 రోజుల లోపే కాబట్టి షెంగెన్ వీసా (యూరప్‌లో కొద్దిరోజులు ఉండటానికిచ్చేది) సరిపోయింది, 30,000 యూరోలకి తగ్గకుండా ఇన్సూరెన్స్ కాగితం చూపించాను, అక్కడ దిగాక టౌన్ ఆఫీసులో అడ్రసు నమోదు చేయించుకునే పని కూడా లేకపోయింది, మూడు నెలలు దాటి ఉండేవాళ్లకే అది. ఈ కాగితాల గొడవ ఏ సీనియర్‌ని అడిగినా గంటసేపు చెబుతారు. దిగిన రోజు రాత్రి ఏం తింటావని మాత్రం ఒక్కరూ అడగలేదు, మా పిన్ని తప్ప.

పిన్ని వాళ్లది చెన్నైలో వెస్ట్ మాంబళం. స్టేషన్ బ్రిడ్జి దాటితే రంగనాథన్ వీధి, ఆ జనంలో మనం నడవక్కర్లేదు, వాళ్లే తోసుకుంటూ తీసుకెళ్లి ఉస్మాన్ రోడ్డులో పడేస్తారు. ఆ దారిలో పక్క సందులో ఒక పాత పాత్రల కొట్టు ఉంది. పెద్ద షోరూముల పక్కన అసలు కనబడదు, గుమ్మం నుంచి లోపలి గోడ దాకా స్టీలు గిన్నెలు వేలాడుతూ ఉంటాయి, తల వంచుకుని వెళ్లాలి. నేనూ పిన్నీ తెలుగులో గుసగుసలాడుకుంటుంటే కొట్టాయన 'ఏమ్మా, మనవాళ్లేనా' అని మొదలుపెట్టాడు. వాళ్ల తాత గూడూరు నుంచి వచ్చాడట. ఆయన తెలుగులో సగం అరవం ఉంది గానీ, గూడూరు మాట వచ్చేసరికి పిన్ని బేరమాడే మనిషల్లా మెత్తబడిపోయింది.

"ఎంతమందికమ్మా?" అన్నాడు.

"నా ఒక్కదానికే."

"అయితే లీటరుది తీసుకో. లీటరూ ముప్పావుది చూపిస్తారు, తీసుకోవద్దు. అంత గిన్నెలో ఒక్క గ్లాసు బియ్యం వేస్తే అడుగంతా మాడుతుంది, పైన పలుకుంటుంది."

ఈ ఒక్క మాటకే ఆ కొట్టుకి నా తరఫున పూర్తి మార్కులు. ఆన్‌లైన్‌లో ఎంత వెతికినా 'ఒక మనిషికి ఏ సైజు' అన్న దానికి ఇంత సూటిగా సమాధానం దొరకలేదు, అందరూ పెద్దదే కొనమంటారు. 1,750 చెప్పాడు, 1,600కి ఇచ్చాడు, మూతున్న చిన్న స్టీలు డబ్బా ఒకటి ఊరికే చేతిలో పెట్టాడు. బ్రాండ్ పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే ఈ రకం కుక్కర్లు ఏ కంపెనీవైనా లోపల ఒక్కలాగే ఉంటాయి. 400 వాట్లు, బరువు సుమారు కిలోన్నర, లోపల అల్యూమినియం గిన్నె, గాజు మూత, ముందు ఒకటే మీట. కిందికి నొక్కితే ఉడికిస్తుంది, నీళ్లు ఇంకిపోగానే టక్కున పైకి లేచి వెచ్చగా ఉంచుతుంది. డిజిటల్ బోర్డులు, పది రకాల బటన్లు లేవు. పాడవడానికి కూడా అందులో ఏమీ లేదు.

పెట్టె సర్దేటప్పుడు కిలోన్నర దీనికే పోయిందని ఏడవకండి, గిన్నె లోపలంతా ఖాళీయే కదా. అందులో కందిపొడి, నల్లకారం, చింతపండు, ఇంగువ డబ్బా పట్టేశాయి, సందుల్లో సాక్సులు కూరాను. పట్టనిదీ పట్టుకెళ్లకూడనిదీ నెయ్యి. పాలతో చేసినవేవీ బయటి దేశాల నుంచి సామాన్లలో తేకూడదని యూరోపియన్ యూనియన్ రూలు, పచ్చి కరివేపాకు కూడా అంతే, మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా రానివ్వరు. అమ్మ అప్పటికే వెన్న కాచి సీసాలో పోసేసింది. "నెయ్యి లేకుండా పొడన్నం ఏం తింటావమ్మే, గొంతు దిగుతుందా" అని ఎయిర్‌పోర్టు దాకా అదే మాట. తరవాత తెలిసిందేంటంటే అక్కడ ప్రతి సూపర్ మార్కెట్‌లోనూ బుట్టర్‌ష్మాల్ట్స్ అని అమ్ముతారు, అది కాచిన వెన్నే. మా ఇంటి నెయ్యి వాసన రాదు గానీ వేడన్నంలో వేస్తే పని జరుగుతుంది. ఆ మాట ఫోన్‌లో చెబితే అమ్మకి సంతోషం బదులు కోపం వచ్చింది.

ఇక ప్లగ్గు. ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. కరెంటు మనదీ వాళ్లదీ ఒకటే, 230 వోల్టులు, 50 హెర్ట్జ్, కాబట్టి కన్వర్టర్ కొనమని ఎవరైనా అంటే వినకండి. (ఆ హెర్ట్జ్ 1880లలో విద్యుదయస్కాంత తరంగాలు నిజంగానే ఉన్నాయని ప్రయోగం చేసి చూపించింది ఈ కార్ల్స్‌రూహెలోనే. అదే ఊళ్లో నేను ప్లగ్గు దూరక గోడ ముందు గొంతుక్కూర్చున్నాను.) తేడా అంతా సాకెట్‌లో. మనవి మూడు గుండ్రటి పిన్నులు. వాళ్ల సాకెట్ గోడలోకి గుండ్రటి గుంటలా ఉంటుంది, అడుగున రెండే రంధ్రాలు, ఎర్త్ కోసం గుంట అంచుల్లో రెండు లోహపు నాలుకలు. రిచీ స్ట్రీట్‌లో (చెన్నైలో ఎలక్ట్రానిక్స్ కొట్ల వీధి) 250 పెట్టి కొన్న 'ప్రపంచంలో ఎక్కడైనా పనిచేసే' అడాప్టర్ చదరంగా ఉంది, ఆ గుంటలోకి పూర్తిగా దిగదు, దానికి ఎర్త్ లేనే లేదు. గట్టిగా నొక్కి పట్టుకుంటే లైటు వెలుగుతుంది, వదిలితే ఆరిపోతుంది. చివరికి కుర్చీని గోడకి జరిపి, అడాప్టర్‌కీ కుర్చీకీ మధ్య ఒక లావుపాటి పుస్తకం దోపి నిలబెట్టాను. మెటీరియల్స్ చదివే పిల్ల చేయాల్సిన పనేనా అది? కాదు. కానీ ఆ రోజు ఆదివారం.

ఆదివారం అంటే ఏంటో చెన్నైలో ఉండేవాళ్లకి అర్థం కాదు. టీ నగర్‌లో ఆదివారం కాలు పెట్టే చోటుండదు. కార్ల్స్‌రూహెలో సూపర్ మార్కెట్లు మూసేస్తారు, రోడ్ల మీద సైకిళ్లు తప్ప ఏమీ లేవు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పొద్దున దిగి, రైల్లో గంట ప్రయాణం చేసి, మధ్యాహ్నానికి రూముకి చేరాను. హాస్టల్ కేర్‌టేకర్‌కి ఆదివారం సెలవు కాబట్టి నన్ను చూసుకోవాల్సిన పీహెచ్‌డీ అబ్బాయి, అంటే మా మెంటర్, శుక్రవారమే తాళం తీసుకుని పెట్టి, స్టేషన్‌కి వచ్చి చేతికిచ్చాడు, రేపు 9కి ల్యాబ్‌కి రా అని చెప్పి వెళ్లిపోయాడు. రైల్వే స్టేషన్‌లోని కొట్లు ఆదివారం కూడా తెరిచే ఉంటాయని నాకప్పటికి తెలియదు. పెట్టెలో కిలో బియ్యం ఉన్నాయి, పెసరపప్పు ఉంది, నీళ్లు కుళాయిలో ఉన్నాయి.

రాత్రి తొమ్మిది దాటింది, కిటికీలోంచి ఇంకా వెలుతురు వస్తోంది. మన దగ్గర అర్ధరాత్రి దాటి అరగంట. బియ్యం పప్పు కలిపి గ్లాసు, నీళ్లు మూడు గ్లాసులు, చిటికెడు పసుపు. మీట నొక్కి నేల మీద దాని ముందే కూర్చున్నాను, పుస్తకం జారితే పట్టుకోవాలి కదా. ఏడెనిమిది నిమిషాలకి గాజు మూత మీద ఆవిరి చుక్కలు పట్టాయి, ఇంకాసేపటికి మూత దడదడలాడి అంచు నుంచి పసుపు నురగ కారింది, రూమంతా మా వంటింటి వాసన. నీళ్లు అడుగంటాక సన్నగా చిటపట, ఆ వెంటనే టక్. మీట లేచింది. ఆ టక్ వినగానే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దీన్ని రివ్యూలో రాయకూడదేమో, కానీ 1,600కి ఏమొచ్చిందీ అంటే నా లెక్కలో ముందుగా అదే వచ్చింది.

కాబట్టి మొదటి వారానికి 5కి 5.

రెండో వారంలో బియ్యం అయిపోయాయి. సూపర్ మార్కెట్‌లో బియ్యం ప్యాకెట్ల ముందు నిలబడి, అన్నిటిలోకి చవగ్గా ఉన్నది తీసుకున్నాను, దాని పేరు మిల్ష్‌రైస్. 'రైస్' అని వినబడింది చాలు కదా. అది పాయసానికి వాడే పొట్టి బియ్యమట. కుక్కర్‌లో వేస్తే అన్నం కాలేదు, గరిటె నిలబడే సంకటి అయింది. పారేయబుద్ధి కాక పెరుగు కలిపాను, నమ్మండి, దద్దోజనానికి దాన్ని మించింది లేదు. పెరుగు విషయంలోనూ ఒక దెబ్బ తిన్నాను, క్వార్క్ అని రాసున్న డబ్బా తెచ్చి అన్నంలో కలిపితే సున్నం కలిపినట్టుంది, అది ఒకరకం మెత్తటి జున్ను లాంటిది. మామూలు పెరుగు కావాలంటే నటూర్‌యోగుర్ట్ అని, 3.5 శాతం కొవ్వున్నది చూసి కొనండి. సోనామసూరి ఏషియన్ స్టోర్లలో దొరుకుతుంది, బాస్మతి ఎక్కడైనా దొరుకుతుంది. కందిపప్పు మాత్రం ఈ కుక్కర్‌లో ఒక పట్టాన ఉడకదు. ప్రెషర్ లేదు కదా, గంటైనా పలుకు పలుకే. అక్కడ ఎర్ర కందిపప్పు, అంటే మైసూరు పప్పు, ఏ మామూలు షాపులోనైనా ఉంటుంది, అది పావుగంటలో మెత్తబడిపోతుంది. నేను మూడు నెలలూ దాని మీదే బతికాను.

నీళ్లు కూడా గట్టివి. కార్ల్స్‌రూహె నీళ్లలో సున్నం ఎక్కువ, పది రోజులకే గిన్నె లోపల తెల్లటి పొర కట్టింది. వేళచేరిలో బోరు నీళ్లతో కాపురం చేసేవాళ్లకి ఇది కొత్తేం కాదు. నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ చిన్న విషయాలు. అసలు విషయం మూడో వారంలో బయటపడింది.

ల్యాబ్ నుంచి నా రూము సైకిల్ మీద పన్నెండు నిమిషాలు. పొద్దున వండి కుక్కర్‌లోనే వదిలేస్తే మధ్యాహ్నానికి వెచ్చగా ఉంటుంది (నేనిలాగే చేశాను, మీరు రూములో ఎవరూ లేకుండా ఆన్‌లో వదలకండి, అందులోనూ పుస్తకం దోపిన ప్లగ్గుతో). పదకొండున్నర కాగానే ల్యాబ్‌లో అందరూ లేచి ఒకరి గది తలుపు ఒకరు కొట్టుకుంటూ గుంపుగా మెన్సాకి వెళ్తారు. మెన్సా అంటే యూనివర్సిటీ క్యాంటీన్. నేను సైకిలెక్కి రూముకి. రెండో రోజు ఒకసారి ఒంటరిగా మెన్సా దాకా వెళ్లి చూశాను, అక్కడ ప్రతి వంటకానికీ వేర్వేరు రేట్లు రాసి ఉన్నాయి, స్టూడెంట్‌కి ఒకటి, స్టాఫ్‌కి ఒకటి, గెస్ట్‌కి ఒకటి. నా దగ్గర ఇంకా ఏ కార్డూ లేదు కాబట్టి నేను గెస్ట్‌ని. ఆ రేటుని రూపాయల్లోకి మార్చుకున్నాను. అంతే, వెనక్కి తిరిగాను. రూములో వేడి వేడి పప్పన్నం ఉండగా ఎవరికి కావాలి ఇది అనుకున్నాను. ఈ 'ఎవరికి కావాలి' అన్న ధీమా ఇచ్చింది ఈ కుక్కరే. అది లేకపోతే ఆకలికైనా వాళ్ల వెంట వెళ్లేదాన్ని.

మూడో వారం గురువారం సాయంత్రం నా మొదటి ఎలక్ట్రోడ్ రేకులు ఆరబెట్టడానికి వాక్యూమ్ ఓవెన్‌లో (పంపుతో గాలి లాగేసి ఆరబెట్టే ఓవెన్) పెట్టి వెళ్లాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: బ్యాటరీ పదార్థం పొడినీ, దాన్ని అతికించి ఉంచే బైండర్‌నీ కలిపి దోసెపిండి జారులో రుబ్బి, దాన్ని అల్యూమినియం రేకు మీద పలచగా లాగుతాం, అచ్చం పెనం మీద దోసె తిప్పినట్టే కానీ గుండ్రంగా కాదు, తిన్నగా. సోడియం బ్యాటరీల్లో రెండు వైపులా అల్యూమినియమే వాడొచ్చు, లిథియం వాటిలో ఒక వైపు రాగి పెట్టాలి, ఇవి చవగ్గా వస్తాయని ఆశపడటానికి అదీ ఒక కారణం. ఆ రేకు రాత్రంతా వాక్యూమ్‌లో పొడిగా ఆరాలి. చెమ్మ మిగిలితే సోడియంతో పడదు, సెల్లు చచ్చినట్టే. శుక్రవారం పొద్దున వచ్చి చూస్తే ఓవెన్ చల్లగా ఉంది. తలుపు మీద చీటీ అంటించి ఉంది, జర్మన్‌లో. పంపు ఆయిల్ మార్చడానికి గురువారం రాత్రి ఆపేస్తామని. నేను ఆ చీటీని గురువారమే చూశాను, చదవడం రాక ఏదో మామూలు నోటీసనుకున్నాను.

ఎవరూ నాకు చెప్పలేదేంటని కోపం వచ్చింది. అడిగితే మా మెంటర్ తెల్లబోయాడు. "బుధవారం లంచ్‌లో మాట్లాడుకున్నాం కదా" అన్నాడు. ఒక్క నిమిషం ఆగి, "నువ్వు లేవు కదూ" అన్నాడు. ఆ ల్యాబ్‌లో ఎవరు గ్లవ్ బాక్స్ (గాలీ చెమ్మా తగలకుండా గ్లవ్స్‌లో చేతులు దూర్చి పనిచేసే మూసిన పెట్టె) ఎప్పుడు వాడతారో, ఏ మెషీన్ ఎప్పుడు ఆగుతుందో, ప్రొఫెసర్ ఏ వారం ఊళ్లో ఉండడో అన్నీ ఆ మెన్సా బల్ల దగ్గరే తేలిపోతాయి. చీటీ అంటించడం లాంఛనం. రూములో పప్పన్నం తింటూ పదిహేను లంచ్‌లు పోగొట్టుకున్నాను, ఇంకో వారం ఈ రేకుల మీద పోయింది. నాకున్నదే పన్నెండు వారాలు.

"అసలు మధ్యాహ్నం ఎక్కడికి మాయమవుతావు?" అని అడిగాడు. కుక్కర్ సంగతి చెప్పాను, సిగ్గుపడుతూనే. నవ్వుతాడనుకుంటే "మీట దానంతటదే ఎలా లేస్తుంది? లోపల సెన్సర్ ఉందా?" అన్నాడు. సెన్సర్ లేదు, అడుగున అయస్కాంతం ఉంటుంది అన్నాను. అంతవరకే నాకు తెలుసు. ఆ సాయంత్రం ఇంకో ఇద్దరిని వెంటేసుకుని వచ్చేశాడు. గిన్నె తీసి చూస్తే హీటర్ ప్లేటు మధ్యలో రూపాయి బిళ్లంత గుండ్రటి బుడిపె, కింద స్ప్రింగు. అప్పుడు ముగ్గురూ కలిసి నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టారు, నేను పరీక్షల్లో రాసిన పాఠమే. గిన్నెలో నీళ్లున్నంతసేపూ అడుగు 100 డిగ్రీలు దాటదు. నీళ్లు ఇంకగానే పైకి పోతుంది. ఆ బుడిపెలో ఫెరైట్ అనే అయస్కాంత పదార్థం ముక్క ఉంటుంది, దాని క్యూరీ పాయింట్, అంటే అయస్కాంత గుణం పోయే వేడి, 100కి కాస్త పైన ఉండేలా చేసి ఉంటుంది, ఆ వేడికి దాని అయస్కాంత గుణం పోతుంది, పట్టు వదులుతుంది, స్ప్రింగు తోస్తుంది, టక్. ఇనుముకైతే క్యూరీ పాయింట్ 770 డిగ్రీలు, దానితో చేస్తే అన్నం బొగ్గయ్యాక కూడా మీట లేవదు. మూడేళ్లు క్యూరీ టెంపరేచర్ అని బట్టీ పట్టాను, పుట్టినప్పటి నుంచి అది మా వంటింట్లో రోజూ టక్కుమంటూనే ఉంది.

ఇంతలో ఒకడి కళ్లు ప్లగ్గు మీద పడ్డాయి. కుర్చీ, పుస్తకం, అడాప్టర్. మాట్లాడకుండా మెల్లగా వెళ్లి ప్లగ్గు పీకేశాడు. మర్నాడు హార్డ్‌వేర్ షాపు నుంచి జర్మన్ ప్లగ్గు ఒకటి తెచ్చి, మన మూడు పిన్నుల ప్లగ్గుని కత్తిరించి దాన్ని బిగించాడు, ఎర్త్ తీగతో సహా. ఇకమీదట రూములో కాదు, మీ అంతస్తులో కామన్ కిచెన్ ఉంది, అక్కడ వండుకో అన్నాడు. రూములో స్మోక్ డిటెక్టర్ సరిగ్గా నా కుక్కర్ పైనే ఉందన్న సంగతి అప్పుడు తలెత్తి చూశాను.

సోమవారం నుంచి మెన్సా. కార్డు ఎక్కడ చేయించుకోవాలో వాళ్లే చూపించారు, రేటు తగ్గింది. మొదటి రోజే ఒక కౌంటర్ మీద 'కరీ' అని పెద్ద అక్షరాలు కనబడి ప్రాణం లేచొచ్చింది, తీరా చూస్తే వేయించిన సాసేజ్ ముక్కల మీద టమాటా సాసు, పైన పసుపుపచ్చటి పొడి. కరీవుర్స్ట్ అట. దాన్ని కూర అంటే మా అమ్మ కేసు పెడుతుంది. తిండి సంగతి అంతే, ఉడికించిన బంగాళాదుంపలు, నూడుల్స్, ఒక్కోరోజు బాగుంటుంది, చాలా రోజులు ఉప్పే ఉంటుంది, కారం ఉండదు. జేబులో నల్లకారం పొట్లం పెట్టుకెళ్లేదాన్ని, రెండు వారాలకి ఆ పొట్లం బల్లంతా తిరగడం మొదలైంది. కానీ అక్కడ కూర్చున్నాక మాత్రం ల్యాబ్ వేరేలా అర్థమైంది. లంచ్ వేళ కారిడార్‌లో ఎవరెదురైనా 'మాల్‌ట్సైట్' అంటారు, 'భోజనాల వేళ' అనే అర్థం, మనం 'భోంచేశారా' అన్నట్టు. గ్లవ్ బాక్స్ దగ్గర చేయి తిరగనివాళ్లు రెండు జతల గ్లవ్స్ ఎలా వేసుకోవాలో, ప్రొఫెసర్‌కి మెయిల్ పెడితే ఎన్ని రోజులు చూసి గుర్తు చేయాలో, ఇవన్నీ ఏ మాన్యువల్‌లోనూ లేవు, బంగాళాదుంపల మధ్య వచ్చాయి.

కుక్కర్ అప్పటి నుంచి సాయంత్రాలకీ ఆదివారాలకీ. వచ్చే ముందు వారం ల్యాబ్ వాళ్లని పిలిచి పులిహోర పెట్టాను, ఐదుగురికి రెండు వాయిలు వండాల్సి వచ్చింది. పేరుకి లీటరు గానీ, అది గిన్నెకొలత, బియ్యం కొలత కాదు, ఇద్దరికి తృప్తిగా, ముగ్గురికి సర్దుకుంటే. మొదటి వాయి అడుగున ఎర్రగా మాడు కట్టింది, నేను గోకి పారేయబోతుంటే మా మెంటర్ ఆపి అదే అడిగి తిన్నాడు, కరకరమంటూ. రెండో వాయిలో మాడు ఎందుకు రాలేదని నన్ను నిలదీశాడు కూడా.

లోపాలు చెప్పాలి కదా. వైరు మరీ పొట్టి, మీటరుకి తక్కువ. వెచ్చగా ఉంచే మోడ్ రెండు గంటలు దాటితే అన్నం అంచులు ఎండి పేలాల్లా అవుతాయి. ఉప్మాలోనో పప్పులోనో నీళ్లు ఎక్కువైతే మూత పొంగి ముందు మీట సందులోకి కారుతుంది, అది ఎండితే మీట జిగటగా అతుక్కుంటుంది, తడి గుడ్డతో వెంటనే తుడవాలి. గాజు మూత గుబ్బ రెండో నెలలో వదులైంది. గిన్నె అల్యూమినియం కాబట్టి స్టీలు గరిటె తగిలిన చోటల్లా గీతలు. ఇంకొకటి, అక్కడ కూడా 20 నుంచి 30 యూరోల్లో చిన్న కుక్కర్లు చూశాను, సరైన ప్లగ్గుతో. డబ్బు చూసుకుంటే ఇక్కడిదే లాభం, కానీ పెట్టెలో కిలోన్నర మిగుల్చుకోవాలంటే అక్కడ కొనడం తప్పేం కాదు, మొదటి రెండు రోజులు అటుకులతో గడిపేయండి. మీకిచ్చిన రూములో వండనిస్తారో లేదో వెళ్లకముందే మెయిల్‌లో అడగండి. నేను అడగలేదు.

చెన్నై వచ్చాక కుక్కర్ తీసి పీజీ రూములో పెడితే ఇప్పుడు ఇక్కడ ప్లగ్గు దూరదు, జర్మన్ ప్లగ్గు కదా. మళ్లీ అదే కొట్టుకి పట్టుకెళ్లాను. ఆయన ప్లగ్గుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరమ్మా ఇంత గట్టిగా బిగించింది, మనవాళ్లెవరూ ఎర్త్ తీగని ఇంత శ్రద్ధగా కలపరు" అన్నాడు. కత్తిరించి మూడు పిన్నులది వేశాడు, మూత గుబ్బ కొత్తది పెట్టాడు, రెండింటికీ కలిపి 120 తీసుకున్నాడు. కొన్న చోట కొన్నాక కూడా మొహం చూసి మాట్లాడే కొట్లు తక్కువ, ఆ లెక్కన కొట్టుకి 5కి 5. జర్మన్ ప్లగ్గు చెత్తబుట్టలో వేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను, వచ్చే మేలో మా జూనియర్ ఒకమ్మాయి వెళ్తోంది. కుక్కర్ కూడా ఇవ్వమంటోంది. ప్లగ్గు ఇస్తాను గానీ కుక్కర్ ఇవ్వను, ఇప్పుడే పెసరపప్పు పెట్టాను, ఇంకా టక్ అనలేదు.